మల్లమ్మ బోరు

ఫిబ్రవరి 18, మంగళవారం

చున్నీ రెండుసార్లు ఉతికాను. వాసన పోలేదు. కుళ్లిన క్యాబేజీ మీద ఎవరో నెయిల్ పాలిష్ పోసినట్టు... తలస్నానం చేశాక కూడా ముక్కులోనే ఉంది. నేను అక్కడున్నది నాలుగు గంటలు. వాళ్లు అక్కడే వండుకుంటారు, అక్కడే పడుకుంటారు.

ఐదు సీసాలు తెచ్చాను. మందుల్లో కలిపే రసాయనాలు చేసే ఫ్యాక్టరీ అది, ఇంకో రెండు షెడ్లు కట్టుకుంటానంటోంది. దాని దిగువనున్న ఊళ్లో బోరు నీళ్లు ఇవి. పోయిన నెల ఆ అనుమతి కోసం టెంటు వేసి జనం అభిప్రాయం అడిగారు కదా — ఒక ముసలాయన లేచి, 'మా నీళ్లు ఎవలన్న సూసిండ్రా సారూ?' అన్నాడు. ఆ ముక్క మినిట్స్‌లోకి ఎక్కింది. అందుకే ఈ సీసాలు. లేకపోతే మా వాళ్లు గచ్చిబౌలి దాటి కాలు బయటపెట్టేవారా? ఫ్యాక్టరీలకి పర్యావరణ రిపోర్టులు రాసిపెట్టే ఆఫీసు మాది; పాత రిపోర్టు తెరిచి ఊరి పేరు మారుస్తారు. ఒకసారి సముద్రం మొహం చూడని ఊరికి 'మత్స్యకారుల పడవలకు ఎటువంటి ఇబ్బందీ లేదు' అని రాసి పంపారు. ఎవరూ పట్టుకోలేదు. అంటే ఎవరూ చదవలేదు.

ముసలాయన తర్వాత లేచిన వాళ్లంతా అడిగింది ఉద్యోగాలే. 'కంపుంటే ఉండనియ్యిండ్రి సార్, మా పిల్లగాండ్లను పర్మనెంట్ చెయ్యిండ్రి.' చప్పట్లు. తర్వాత బిర్యానీ పొట్లాలు. నేనూ తిన్నాను.

ఫిబ్రవరి 19, బుధవారం

నిన్న రాయడం మరిచిపోయాను. ఆ ఊళ్లో ఎవరి చేతికి గ్లాసిచ్చినా ముందు ముక్కు దగ్గర పెట్టుకుంటారు. ఒక్క క్షణం. తర్వాత తాగుతారు. నీళ్లయినా, చాయైనా, మజ్జిగైనా. బళ్లో చిన్నపిల్లలు కూడా అంతే. అడిగితే 'ఏం జేసినం?' అని నా మొహం చూశారు. అలా చేస్తున్నట్టు వాళ్లకే తెలియదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

నాలుగో సీసా గురించి.

రూలు ప్రకారం ప్రతి బోరుకూ ఒక కోడ్ ఉండాలి. జీ-1, జీ-2... ఊళ్లో కోడ్ ఎవరికి అర్థమవుతుంది? అక్కడ బోరంటే తవ్వించిన మనిషి పేరే. నారాయణ బోరు, బడి బోరు, మల్లమ్మ బోరు. మా డ్రైవర్ యాదగిరి కూడా అలాగే దారి అడిగాడు. నేనూ సీసా మీద, ఫీల్డు షీటు మీద అలాగే రాసుకున్నాను, తర్వాత తికమక పడకుండా.

మల్లమ్మకి యాభై ఉంటాయేమో. రెండు బర్రెలు, ఫ్యాక్టరీ వెనక గోడకి ఆనుకుని ఎకరం చిల్లర. పత్తి వేసేదట, ఇప్పుడు బీడు. ప్రభుత్వ నల్లా ఉంది, కానీ రోజు విడిచి రోజు వస్తుంది. రాని రోజు బోరే గతి. మోటారు వేసింది. ముందు పసుప్పచ్చగా, తర్వాత తేటగా. తేటగా వచ్చాకే వాసన ఎక్కువ. 'బర్రెలు గూడ మూతి పెడ్తలేవు బిడ్డా. దాచకు. ఉన్నది ఉన్నట్టు రాయి.'

కొడుకు శీను ఆ ఫ్యాక్టరీలోనే. కాంట్రాక్టు. డ్రమ్ములు కడుగుతాడు. చేతులు చూశాను. మోచేతుల దాకా తోలు ఊడి కొత్త తోలు వస్తోంది. 'గ్లౌజులిస్తరు మేడం, చిన్నగైతయి.' నవ్వాడు.

ఫిబ్రవరి 27, గురువారం

ల్యాబు కాగితాలు వచ్చాయి. ఐదూ బాగోలేవు. నాలుగోది ఘోరం. ఫ్యాక్టరీలో వాడే ద్రావకం ఆనవాళ్లు ఆడమనిషి బట్టలుతుక్కునే నీళ్లలో ఏం పని మీద వచ్చినట్టు?

సుధాకర్ గారి క్యాబిన్‌లో పెట్టాను. మా బాస్. మంచి మనిషి అని అందరూ అంటారు, అరవడు కనక. కాగితం తిప్పి తిప్పి చూసి, 'బోరు శుభ్రంగా పంపు చేసి తీశారా అండీ?' తీశాను. 'సీసా కడిగారా?' కడిగాను. 'ఎండలో పెట్టలేదుగా?' ఐసు పెట్టెలో తెచ్చాను. ఇంక ఏం అడగాలో తోచక కాఫీ తెప్పించారు.

మార్చి 3, సోమవారం

డ్రాఫ్టు కంపెనీకి వెళ్లింది. ఇదొక ఆచారం మా దగ్గర. ఎవరి మీద రాశామో వాళ్లకే ముందు చూపించి 'సూచనలు' అడగడం. దొంగతనం ఫిర్యాదు దొంగకి చూపించి అక్షరదోషాలు దిద్దించుకున్నట్టు.

ఈసారి మాత్రం ఎవరూ వేలెత్తకూడదని నా ఒరిజినల్ ఫీల్డు షీట్లు స్కాన్ చేసి వెనక జతపరిచాను. నా చేతిరాతతో, టైముతో, మట్టి మరకలతో. ఏసీలో కూర్చుని వండిన రిపోర్టు కాదని తెలియాలి. కాస్త గర్వంగానే ఉంది.

మార్చి 5, బుధవారం

సుధాకర్ గారు: 'నాలుగో పాయింటు మళ్లీ తీద్దామండీ. ఊరి నల్లా దగ్గర తీసుకోండి. అవీ ఆ ఊరి నీళ్లేగా.'

నల్లా నీళ్లు ఎక్కడో నదిలోంచి పైపులో వస్తాయి సార్ అన్నాను.

'మీరు అన్నీ మనసుకి తీసుకుంటారు.'

మార్చి 8, శనివారం

మహిళా దినోత్సవం. ఆఫీసులో ఆడవాళ్లందరికీ తలా ఒక మొక్క. బుల్లి ప్లాస్టిక్ కుండీలో మనీప్లాంట్, దానికి గులాబీ రిబ్బను, 'ప్రకృతే స్త్రీ' అని చీటీ. ఫోటో తీశారు. నేను కూడా నవ్వాను ఫోటోలో. రోత.

మార్చి 10, సోమవారం

శీను ఫోన్. ముందు గుర్తు పట్టలేదు.

'మేడం, నా గేటు పాసు గుంజుకున్నరు. ఎందుకంటె చెప్తలేరు. మా సూపర్‌వైజరేమో మీ అమ్మనడుగు అన్నడు.'

మీ అమ్మని ఎందుకు అన్నాను. నిజంగానే అర్థం కాలేదు నాకు. ఫోన్ పెట్టేశాక అర్థమైంది.

ఫీల్డు షీటు.

'మల్లమ్మ బోరు, ఫ్యాక్టరీ వెనక గోడ, సమయం ఉదయం 11.20. బర్రెలు తాగడం లేదని యజమాని చెప్పారు.' నా రాత. నా ముత్యాల రాత. నేనే స్కాన్ చేశాను, నేనే జతపరిచాను. కోడ్ అని ఎందుకు పెట్టారో చదువుకున్నాను కదా, పరీక్షలో రాశాను కూడా. ఆ ఒక్క వరుస మీద తెల్ల కాగితం పెట్టి స్కాన్ చేస్తే ఏం పోయేది?

ఛీ.

మార్చి 11, మంగళవారం

సుధాకర్ గారికి చెప్పాను. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. 'అది వాళ్ల హెచ్ఆర్ విషయమండీ. మనకి సంబంధం లేదు.' మళ్లీ పెట్టుకుని — 'అయినా పేరెందుకు రాశారండీ?'

ఈ ఒక్క ప్రశ్నా సరైనది. ఆ నోటి నుంచి రావాల్సి వచ్చింది.

మార్చి 12, బుధవారం

ఊరికి వెళ్లాను. సెలవు పెట్టి, నా సొంత పని అని చెప్పి. యాదగిరే తీసుకెళ్లాడు. ఊరు రావడానికి ముందే కారు అద్దాలు ఎత్తాడు. 'నాకేం అలవాటే మేడం, మీకని.'

మల్లమ్మ తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. మంచం వాల్చింది. చాయ్ పెట్టింది. శీను లోపలే ఉన్నాడు, బయటికి రాలేదు. టీవీ చప్పుడు.

తప్పు నాదే అని చెప్పాను. నీ పేరు నేనే రాశాను, కావాలని కాదు అని చెప్పాను. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, దించి, నెమ్మదిగా తాగింది.

'నా పేరు నాకేం సిగ్గు? బోరు నాదేనాయె.' తర్వాత మొదలుపెట్టింది. 'మా ఆయన కోకాపేటల సెంట్రింగు పనికి పోయి పన్నెండేండ్లాయె బిడ్డా. గా అద్దాల బిల్డింగులన్నీ ఆయన చేతి మీదికెల్లి లేచినయే. షెడ్డుల పంటడు. దసరాకోసారొస్తడు, ఉగాదికోసారొస్తడు. వచ్చినా సుట్టమొచ్చినట్టే. నా కొడుకు రోజూ ఇంటికొస్తడు. కంపు కొట్టుకుంట వస్తడు, గని వస్తడు. ఇప్పుడు పాసు పాయె. రేపు సంచి సర్దుకొని గా షెడ్లకే పోతడు.'

నా చాయ్ గ్లాసు నా వైపు జరిపింది.

'నీళ్లు మంచిగున్నయని రాయి బిడ్డా.'

నువ్వే కదా ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు అన్నాను.

'అన్న. అప్పుడు నా కొడుక్కు పాసుండె.'

చాయ్ తాగలేకపోయాను. వాళ్లింట్లో వాసన చూడకుండా ఏదీ నోట్లో పెట్టరు, నేను చూశాక పెట్టలేకపోయాను. గడపకి అవతల పెట్టి వచ్చేశాను. ఆమె చూసింది.

మార్చి 13, గురువారం

మా ఆయన కిషోర్‌తో చెప్పాను. లాప్‌టాప్ మూయకుండానే విన్నాడు. 'నువ్వు కాకపోతే ఇంకొకళ్లు సంతకం పెడతారు. అంత దానికి బుర్ర పాడుచేసుకోకు.'

కాదు, పెట్టరు. ఈ ఫైల్లో నీళ్లకి బాధ్యురాలిగా నమోదైంది నా పేరొక్కటే. ఇప్పుడు మార్చాలంటే అనుమతులిచ్చే కమిటీ ఈ నెల మీటింగు దాటిపోతుంది. సుధాకర్ గారు నాతో ఇంత మర్యాదగా ఉండడం అందుకే.

'అయితే ఆ అబ్బాయి ఉద్యోగం?' అన్నాడు కిషోర్. నా వైపు తిరగలేదు.

మార్చి 15, శనివారం

మా నల్లగండ్ల అపార్ట్‌మెంట్‌కి వచ్చిన ట్యాంకరు నీళ్లు కాస్త నాచు వాసన కొట్టాయి. అంతే. వాట్సాప్ గ్రూపు తగలబడింది. పిల్లల ఆరోగ్యం, ప్రాథమిక హక్కు, వినియోగదారుల కోర్టు. ఎదురు ఫ్లాటావిడ మాస్కు పెట్టుకుని లిఫ్ట్ ఎక్కింది. సెక్రటరీ గారు నా తలుపు కొట్టారు. 'మీరు ఈ లైనులోనే ఉన్నారుగా అమ్మా, కాస్త టెస్టు చేయించి పెట్టరూ.' మధ్యాహ్నానికి ట్యాంకరు వాణ్ని మార్చేశారు. సాయంత్రం లాన్‌లో ఒకరినొకరు అభినందించుకున్నారు.

టెస్టుకి తీసుకున్నాను నేను. సీసా మీద పేరు రాయలేదు. కోడ్ రాశాను.

మార్చి 17, సోమవారం

పదకొండింటికి రిసెప్షన్ నుంచి ఫోన్: 'మీ కోసం ఎవరో విలేజ్ లేడీ.'

మల్లమ్మ. ఒక్కతే. రెండు బస్సులు మారి, ఆఖర్న ఆటోలో, కొండాపూర్ దగ్గర దారి తప్పి. జాకెట్టు మీద 'విజిటర్' అని స్టిక్కరు, దాని మీద ఆమె ఫోటో, బెదిరిన మొహం. ఒళ్లో గుడ్డసంచి. సంచిలో లీటరు సీసా, నిండా నీళ్లు.

నేను దిగేసరికి కింద సెక్యూరిటీ అతను గొడవ పెట్టుకున్నాడు. బయటి సీసాలు లోపలికి రానివ్వరట, యాసిడ్ గీసిడ్ తెస్తారని. 'నీళ్లే అయితే తాగి చూపించు.' ఆమె మూత తిప్పి గటగటా ఒక గుక్క తాగేసింది. మూతి తుడుచుకుంది. పంపించాడు.

చూస్తూ నిలబడ్డాను నేను.

ఆమె వాసన చూడలేదు.

పైకి తీసుకొచ్చి సోఫాలో కూర్చోబెట్టాను. సీసా నా చేతిలో పెట్టింది. 'మా బోరు నీళ్లే బిడ్డా. పొద్దుగాల పట్టిన. మల్ల చూపియ్యి ల్యాబుల.' నా కళ్లలోకి సూటిగా చూసింది. అబద్ధం చెప్పేవాళ్లు చూపు తిప్పుకుంటారని ఎవరన్నారో.

మీ బోరువేనా అన్నాను.

'నా బోరుయే.'

మూత తీసి చూశాను. బ్లీచింగ్ వాసన, సన్నగా. నల్లా. ఇవాళ నల్లా వచ్చే రోజు.

సీసాకి మూత బిగించి నా నమూనాల ఫ్రిజ్‌లో పెట్టాను. మా ప్యాంట్రీ నుంచి గ్లాసుతో నీళ్లు తెప్పించాను. అద్దంలాంటి నీళ్లు, మూడు ఫిల్టర్లు దాటి వచ్చినవి. మల్లమ్మ గ్లాసు అందుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక్క క్షణం. తాగింది. ఇంకో గ్లాసు అడిగింది. దాన్నీ వాసన చూసింది.

వెళ్తూ వెళ్తూ గోడకున్న మా అవార్డులు చూసింది, ఆకుపచ్చ ఆకుల బొమ్మలున్నవి. 'గివన్నీ నీయేనా?' కాదు అన్నాను. 'మంచిగున్నయి,' అంది. అద్దంలోంచి కోకాపేట టవర్లు కనిపిస్తే కాసేపు అక్కడే ఆగింది. వాటిలో ఏది ఆయన కట్టిందని నేను అడగలేదు, ఆమె చూపించలేదు.

బస్టాపు దాకా వెళ్లాను. ఎక్కే ముందు నా చెయ్యి పట్టుకుంది. 'నువ్వు ఫికర్ జెయ్యకు బిడ్డా. నేనే తెచ్చిన గద. పాపం తాకితె నన్నే తాకుతది.'

ఆమె నన్ను ఓదార్చింది. నేను ఆమె కొడుకు పాసు పోగొట్టాను, ఆమె నన్ను ఓదార్చింది. నా మీద నాకు పుట్టిన ఏవగింపు ఏ సబ్బుతో కడుక్కోవాలి?

మార్చి 18, మంగళవారం

సుధాకర్ గారికి ఎలా తెలిసిందో తెలిసింది. మొహం వెలిగిపోతోంది. 'యజమానే స్వయంగా తెచ్చిచ్చారుగా! ఇంతకంటే ఏం కావాలండీ? ల్యాబుకి పంపే పని కూడా లేదు, పొద్దున్నే అర్జంటుగా చేయించేశాను.' నా ఫ్రిజ్‌లోంచి తీసుకెళ్లి సగం వాడేశారు. నన్ను అడక్కుండా. ఫలితం బంగారంలా ఉంది.

మిగతా సగం సీసా నా బల్ల మీద పెట్టారు. ఖాళీ లేబుల్, ఫీల్డు షీటు, సంతకాల పేజీ. 'నమూనా నా సమక్షంలో, నా చేతుల మీదుగా సేకరించబడింది.' కింద నా పేరు ముందే టైపు చేసి ఉంది.

జీ-4 అని రాయనా అన్నాను.

'కోడ్ వద్దండీ. మొన్న మీరు పేరు రాశారు, అది కంపెనీ ఫైల్లోకి వెళ్లింది. ఇప్పుడూ అదే పేరుండాలి. మల్లమ్మ బోరు. అప్పుడే పాతది పొరపాటని తేలుతుంది.'

ఆ పేరే. నా చేతిరాతతోనే కావాలట.

కంపెనీ వాళ్లు మాటిచ్చారట, ఫైలు వెళ్లిన రోజే అబ్బాయిని లోపలికి తీసుకుంటామని. కాగితం మీద కాదు, నోటి మాట. మా సార్ దాన్ని మానవత్వం అన్నారు.

సంతకం పెడితే శీను ఇంటికొస్తాడు, రోజూ, కంపు కొట్టుకుంటూ. రెండు షెడ్లు లేస్తాయి. గోడ అవతలి నీళ్లు ఇప్పటికంటే పాడవుతాయి, మల్లమ్మ బోరు మంచిదని ప్రభుత్వం రికార్డులో శాశ్వతంగా ఉంటుంది. రేపు ఆమెకి ఏ జబ్బు వచ్చి దవాఖానలో పడినా, నీళ్ల వల్ల కాదని చూపించడానికి నా సంతకం పనికొస్తుంది.

పెట్టకపోతే శీను సంచి సర్దుకుంటాడు. నా చేతులు శుభ్రం. శుభ్రమైన చేతులంటే కూడా అసహ్యం పుడుతోంది నాకిప్పుడు.

మార్చి 19, బుధవారం

పొద్దున. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కిషోర్ చూసి, 'ఏంటది కొత్తగా?' అన్నాడు. ఏం చేశాను అన్నాను.

ఆఫీసు. పదిన్నర. బల్ల మీద రెండు సీసాలు. ఫిబ్రవరిది నా ఐసు పెట్టెలో అడుగున కొంచెం మిగిలితే దాచుకున్నాను, ఎవరికీ తెలియదు. రెండూ తేటగానే ఉన్నాయి. మూతలు బిగించి ఉంటే ఏది ఏదో చూపుతో చెప్పలేం. పాతదాని మీద పేరుంది. కొత్తదాని లేబుల్ మీద తేదీ రాశాను. టైము రాశాను. పేరు దగ్గర ఆగాను.

సుధాకర్ గారు రెండుసార్లు తొంగి చూశారు. పన్నెండుకి ఫైలు అప్‌లోడ్ చేయాలట.

శీను ఫోన్.

'మేడం, గేటు కాడున్న. తొమ్మిదింటికే రమ్మన్నరు. మీ దిక్కుకెల్లి ఏదో కాయితం రావాలె అంటున్నరు. వచ్చిందా?'

ఇంకా లేదు అన్నాను.

'సరే మేడం. ఉంట.'

పదకొండుంబావు. మళ్లీ మెసేజ్. ఫోటో పంపాడు. మూసిన గేటు, దాని ముందు చెప్పుల్లేని కాళ్లు, వాటి నీడ, అతనివే. అమ్మ కూడా వచ్చిందట, గోడ నీడన కూర్చుందట.

'బాగ ఎండున్నది మేడం. తాగెతందుకు నీళ్లు గూడ లెవ్వు. జర జల్ది చెయ్యిండ్రి.'

పెన్ను మూత తీశాను. పేరు దగ్గర ఇంకా ఖాళీ.